పేర్లు చెక్కిన ఆరు పళ్లేలు

బోధన్‌లో నీళ్ల మోటార్లకు వైండింగ్ చేసే భూమేష్‌కు నలభై రెండేళ్లు. పెళ్లి కాలేదు. దుకాణం వెనక గదిలోనే వంట, పడక. ఒక్కడుండే ఆ గదిలో ఆరు స్టీలు పళ్లేలున్నాయి.

వాటిమీద పేర్లు చెక్కించింది నాగకుమారి. వర్ని వైపు ఊళ్ల నుంచి చదువుకు వచ్చిన ఆరుగురు పిల్లలను ఆవిడ తన ఇంట్లో ఉంచుకుని, పదో తరగతి దాకా అన్నం పెట్టింది. ఎవరి పళ్లెం వాళ్లే కడిగి బోర్లించాలన్నది ఆ ఇంటి రూలు. పిల్లలు పెద్దవాళ్లై తలో దారి పట్టారు. భూమేష్ తప్ప అందరూ బోధన్ దాటారు. చివరి రోజుల్లో ఆవిడను ఆస్పత్రికి తిప్పింది అతనే. పోయేముందు పళ్లేలు అతని చేతికిచ్చి, "వాళ్లొస్తే ఎవరిది వాళ్లకివ్వరా" అంది.

ఏడాదైంది. ఎవరూ రాలేదు. చివరకు భూమేషే ఫోన్లు చేసి ఆదివారం భోజనానికి పిలిచాడు. పళ్లేలు చింతపండుతో తోమి చాప ముందు పేర్చాడు. కిలోన్నర మటన్ వండాడు. రోజూ ఒంటరిగా తినే మనిషికి, ఆ ఆరూ ఒక్కసారి నిండితే చూడాలని ఉంది.

పన్నెండింటికి గిరిబాబు ఫోను. "ఒరేయ్, నా పళ్లెం కొరియర్ చేసెయ్యరా. ఖర్చు నాదే."

"కొరియర్ల కూర రాదు గదరా," అన్నాడు భూమేష్.

మరో ముగ్గురు ఫోను ఎత్తనే లేదు.

రెండు దాటాక చక్రవర్తి ఒక్కడూ వచ్చాడు. నిజామాబాద్ కంఠేశ్వర్‌లో క్లినిక్ నడుపుతున్నాడు. ఖాళీ పళ్లేలు చూసి గుమ్మంలోనే ఆగాడు.

"ఇంకెవరూ రాలేదా?"

"నువ్వొచ్చినవ్ గద, కూసో. షుగరున్నదా ఏంది? ముందుగాల డాక్టర్లకే వస్తదంట."

"నోర్మూసుకుని వడ్డించరా."

ఇద్దరూ తిన్నారు. మాటలు తొందరగానే అయిపోయాయి. చక్రవర్తి రెండుసార్లు గడియారం చూసుకుని, పళ్లెం పట్టుకుని కుళాయి దగ్గరికి లేచాడు. భూమేష్ వద్దనలేదు. రూలంటే రూలే. పట్టుకెళ్లడానికి సంచీ కూడా తీసి ఉంచాడు. చక్రవర్తి మాత్రం పళ్లేన్ని గట్టుమీద బోర్లించాడు.

"తీస్కపోవా?"

"ఉండనీ. మళ్లీ వస్తే దేంట్లో తినాలి?"

"ఎప్పుడొస్తవ్?"

చక్రవర్తి జేబులో కారు తాళాలు వెతుక్కున్నాడు. "ఫోన్ చేస్తాలేరా."

కారు వెళ్లాక భూమేష్ పళ్లెం తిప్పి చూశాడు. అంచున పసుపు, నూనె జిడ్డు అలాగే ఉన్నాయి. చిన్నప్పుడూ వీడింతే. నాగకుమారి చూసి తిట్టకముందే భూమేష్ రెండోసారి కడిగిపెట్టేవాడు.

పీచు తీసుకుని మళ్లీ తోమాడు. తడి తుడిచి, మిగతావాటికి ముందు, సులువుగా చేతికందేలా పెట్టాడు.