సువార్తమ్మగారు చూపించిన కొత్త చుక్క

చిలకలూరిపేట దగ్గర బస్సు ఆగగానే కిటికీలోంచి వేడి పత్తిగింజల నూనె వాసన గుప్పుమంది. పక్క సీటావిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం గుండెల నిండా పీల్చుకున్నాను. ఆ వాసనలోనే నాకు సువార్తమ్మగారు పని నేర్పారు.

ఎమ్మెస్సీ కాగానే అక్కడి ఒక నూనె మిల్లు ల్యాబులో చేరాను. ఆవిడ ల్యాబుకు పెద్ద. దర్శి దగ్గర పల్లెలో మిరపకాయలు కోసి ఆవిడను చదివించింది వాళ్ళమ్మ. ఎండకు మాడిన ఆ తల్లి ముఖం చూస్తూ పెరిగినందుకేమో, మా నూనెను ఎండనుంచి చర్మాన్ని కాపాడే సరుకుగా మార్చాలని ఆవిడ పంతం. తవుడులోంచి తీసే ఫెరూలిక్ ఆమ్లానికి ఎండలోని చెడ్డ కిరణాలను పీల్చే గుణం ఉంది, నూనెను పాడవకుండా కాపాడే గుణమూ ఉంది. కానీ అది నూనెలో సరిగా కరగదు. కొంచెం కలిసినా కొన్నాళ్ళకు అడుక్కి దిగిపోతుంది. అందుకని ఎంజైము పట్టించిన చిన్న పూసలు వేసి, ఆమ్లాన్నీ నూనెనూ విడిపోకుండా జతచేయాలని చూస్తున్నాం.

ఒకరోజు పొద్దున్నే పూసలు వడకట్టి, నూనెను కిరణాలు కొలిచే యంత్రంలో పెట్టి చూశాను. కిరణాలను బాగానే పీలుస్తోంది. నా కాళ్ళు నేలమీద నిలవలేదు. పరుగున వెళ్ళి మేనేజరుగారికి చెప్పేశాను. ఆయన వెంటనే క్రీముల కంపెనీవాళ్ళకు ఫోన్ చేసి, గురువారం రమ్మన్నారు.

సువార్తమ్మగారు వచ్చి అంకె చూశారు. "పీలుస్తోంది, సరే. అతుక్కుని పీలుస్తోందా, ఊరికే కలిసుండి పీలుస్తోందా అమ్మాయ్?"

పూత పూసిన చిన్న పలకమీద ఆవిడ నూనె బొట్టు పెట్టి, అందులోని పదార్థాలను విడదీసి, చీకటి పెట్టెలో నీలి దీపం కింద పెట్టారు. మేం వేసిన ఆమ్లం చుక్క ఒక్కటే కనిపించింది. జత కుదిరుంటే ఇంకో చుక్క ఉండాలి.

ఆవిడ పలక పక్కన పెట్టి, నేరుగా మేనేజరు గదిలోకి వెళ్ళారు. నేను గుమ్మం బయటే నిలబడిపోయాను.

"పొరపాటు నాది సార్. వాళ్ళను రావద్దనండి."

"ఇప్పుడు రావద్దంటే మన పేరేం కావాలండీ?"

"లేనిది చూపిస్తే ఉన్న పేరే పోద్ది సార్."

గురువారం ఎవరూ రాలేదు. తర్వాత తప్పెక్కడుందో వెతికాం. నూనెలో తడి ఉంది. తడి ఉంటే, ఎంజైము జత కలిపినదాన్ని మళ్ళీ తనే విడగొడుతుంది. ఈసారి నూనెను బాగా ఆరబెట్టి, కొత్త పూసలు వేసి, నాలుగు రోజులు కనిపెట్టుకుని కూర్చున్నాం. ఐదోరోజు మధ్యాహ్నం పలకమీద, పాత చుక్కకు చాలా పైన, నీలంగా మెరుస్తూ కొత్త చుక్క వచ్చింది. ఆవిడ నా మణికట్టు పట్టుకున్నారు. "చూడవే, బాగా చూడు" అని నవ్వుతూనే కిటికీ తీసి మిల్లులోవాళ్ళను కేకేశారు. జుట్టునిండా దూదిపోగులతో ఆడవాళ్ళు వరసకట్టి, చీకటి పెట్టెలోకి తొంగిచూసి వెళ్ళారు.

ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ అరచెయ్యి చాపింది. "మొహానికి రాసుకునేదేందో చేశారంటగా, ఇటు తేవే."

"ఇంకా పరీక్షలు కావాలమ్మా. అందాకా కొంగు కప్పుకో" అన్నారు సువార్తమ్మగారు.

"నీ పరీక్షలయ్యేసరికి మిరపతోటే అయిపోద్ది" అని ఆ పెద్దావిడ పకపకా నవ్వింది.

ఇప్పుడు నేనూ ఒక ల్యాబుకు పెద్దనే. నా దగ్గర పిల్లలు తొందరపడి తప్పు చెబితే, పైవాళ్ళ గదిలోకి నేనే ముందు వెళతాను. తలుపు తోసేటప్పుడు ఇప్పటికీ నోరు ఎండిపోతుంది. ఆవిడకూ ఎండిపోయిందేమో. నాకు తెలియదు, ఆ రోజు గుమ్మం బయటినుంచి ఆవిడ వీపు మాత్రమే చూశాను.