మామా ఔదా బాతుకు గుడ్డు దిగని రోజు

మొన్న శుక్రవారం ఇక్కడ కువైట్‌లో, ఖైతాన్‌లో మేముండే బిల్డింగులో ఎదురు ఫ్లాటు అమ్మాయి, విజయవాడ నుంచి వచ్చి కంప్యూటర్ ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల, బాల్కనీలో పెంచుకునే బాతును తువ్వాలులో చుట్టుకొని మా తలుపు తట్టింది. పొద్దుటినుంచి మేత ముట్టలేదనీ, తోక వేలాడేసి ఊరికే ముక్కుతోందనీ చెబుతుంటే నేను ఒక్కసారి దాని వంక చూసి, సాయంత్రం దాకా ఆగొద్దమ్మా, గుడ్డు అడ్డుపడినట్టుంది, ఇప్పుడే డాక్టరు దగ్గరికి పరుగెత్తు అన్నాను. వెళ్లింది, బాతుకు నెమ్మదించింది, ఆ మాట వచ్చి చెప్పింది కూడా. ఆ పిల్ల అటు వెళ్లగానే నా మనసు మాత్రం ఎన్నో ఏళ్లు వెనక్కి, సల్వాలో మేం మొదట పనిచేసిన కువైటీ వాళ్ల ఇంటి పెరట్లోకి వెళ్లి కూర్చుంది.

రాయచోటి నుంచి నేనూ మా ఆయనా వచ్చి ఆ ఇంట్లోనే కుదిరాం. ఆయన డ్రైవరు, నేను వంటా ఇల్లూ చూసుకునేదాన్ని. ఇంటావిడ బడిలో టీచరు, ఆమెను ఇక్కడి పనివాళ్లందరిలాగే మామా, అంటే అమ్మా, అనేదాన్ని. ఆమె తల్లిని మామా ఔదా, అంటే పెద్ద మామా అని పిలిచేవాళ్లం. మేం చేరిన కొత్తలోనే ఆవిడ భర్త, ఆ ఇంటి పెద్దాయన, పోయారు. భర్త పోయిన ఆడది కొన్ని నెలలు గడప దాటకుండా ఇంటిపట్టునే ఉండే ఇద్దత్ మన ముసల్మానుల ఇళ్లలోనూ ఉన్నదే కాబట్టి నాకది కొత్త కాదు గానీ, ఆ పెద్దావిడ మౌనం చూస్తే మాత్రం నాకు భయం వేసేది. పెరటి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చునేది, పెట్టింది తినేది, ఎవరైనా పలకరిస్తే తల ఊపేది, అంతే. పెద్దాయన సంతలో ముచ్చటపడి కొని తెచ్చిన తెల్ల ఆడబాతు ఒకటి ఆ కుర్చీ కిందే మెసిలేది. దానికి మాత్రం రొట్టె ముక్క తుంచి వేస్తూ ఏదో గొణిగేది. ఇంట్లో ఆమె గొంతు వినిపించేది అప్పుడొక్కటే.

ఒకరోజు మధ్యాహ్నం ఆ బాతు రొట్టెకు రాలేదు. గోడవారన ఒళ్లు నిలువుగా పెట్టి, కాళ్లు ఎడం చేసుకొని, ఉండుండి తోక కొట్టుకుంటూ నిలబడి ఉంది. ఎండకేమో అనుకొని నీళ్లు పెట్టాను, ముట్టలేదు. మామా వచ్చి చూసి, పాపం, పోతే ఇంకొకటి కొందాంలే అంది, మంచి మనసుతోనే అంది. ఆ మాటకు పెద్దావిడ కుర్చీలోంచి లేచి, తన భుజం మీది శాలువా తీసి నా చేతుల్లో పెట్టి, నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"తీసుకుపో. దాన్ని ఒంటరిగా వదిలిపెట్టొద్దు" అంది అరబ్బీలో. అన్ని వారాల్లో ఆవిడ నాతో ఆడిన మొదటి మాట అదే.

శాలువాలో చుట్టిన బాతును ఒళ్లో పెట్టుకొని కారెక్కితే దాని గుండె నా అరచేతికి టకటకా తగులుతోంది. ఇది నా చేతుల్లోనే పోతే ఆ ముసలామెకు ఏ మొహం చూపించాలి అని ఏడ్చేశాను. మా ఆయన అద్దంలోంచి చూసి, "ఊరికే ఏడ్సొద్దు మే, నువ్వు ఏడిస్తే అది బెదురుతాది. బతుకుతాదిలే" అన్నాడు.

పశువుల డాక్టరమ్మ ఈజిప్టు నుంచి వచ్చిన వయసు మళ్లిన మనిషి. పొట్ట తడిమి, ఎక్స్‌రే తీసి, పెంకు సరిగ్గా కట్టని గుడ్డు దారిలో ఇరుక్కుందనీ, ఆలస్యమైతే ప్రాణానికే ముప్పనీ చెప్పి, కాల్షియం సూది వేసింది. గోరువెచ్చని నీళ్ల టబ్బులో దాన్ని నా చేతులతోనే పట్టుకొని కూర్చోమంది. నీళ్లు చల్లారితే మా ఆయన వేడినీళ్లు తెచ్చి కలిపేవాడు. నేను తెలుగులో ఏవేవో చెబుతూ దాని వీపు నిమురుతున్నాను. మా అమ్మ నా కాన్పప్పుడు నాతో అన్న మాటలే దానితో అంటున్నానని ఆ తరువాత గానీ నాకు తట్టలేదు. ఎంతసేపయిందో తెలియదు, అది ఒక్కసారి ఒళ్లంతా బిగబట్టి వదిలింది. నా అరచేతిలోకి మెత్తగా, తడిసిన తోలుతిత్తిలాగా ఒక గుడ్డు జారింది. బాతు తోక విదిలించి, ముక్కు ముంచి, ఆ నీళ్లే గుటకలు వేసింది.

"ఖలాస్! గెలిచినావు పో" అన్నాడు మా ఆయన, బాతుతోనో నాతోనో.

డాక్టరు మాత్రం అక్కడితో వదలక మేత సంగతీ గూడు సంగతీ అంతా అడిగింది. ఏడాది పొడుగునా విరామం లేకుండా గుడ్లు పెట్టి దీని ఒంట్లో సున్నమంతా అయిపోయింది, వట్టి రొట్టె చాలదు, పైగా పెరట్లో రాత్రంతా దీపం వెలుగుతుంటే ఒంటికి ఇంకా పగలే అనిపించి గుడ్డు పెడుతూనే ఉంటుంది, ఆ దీపం ఆర్పండి అంది. ఆ దీపం పెద్దాయన పెట్టించింది. ఆయన పోయిన దగ్గర్నుంచీ ఎవరూ ఆర్పకూడదని పెద్దావిడ మాట.

ఇంటికొచ్చి, వచ్చీరాని అరబ్బీలో అంతా చెప్పాను, దీపం సంగతి కూడా. మామా నన్ను కళ్లతోనే వారించింది. పెద్దావిడ బాతును ఒళ్లోకి తీసుకుంది. ఆ సాయంత్రం మగ్రిబ్ నమాజు అయ్యాక ఆవిడే లేచి, గోడ పట్టుకుంటూ స్విచ్చు దాకా నడిచి, దాని మీద చెయ్యి పెట్టి చాలాసేపు నిలబడింది. తరువాత నొక్కింది. పెరడు మసకబడింది. బాతు ఒకసారి తల తిప్పి చూసి, మెల్లగా తన గూటిలోకి పోయింది.

"పడుకోనీ పాపం, అలిసిపోయింది" అంది. నన్ను పక్కన కూర్చోమని, పెద్దాయన అక్కడ కూర్చొని పుచ్చకాయ తింటూ తొక్కలు బాతుకు విసిరేవాడనీ, గురి తప్పి ఒకసారి ఒక తొక్క గోడ అవతల పోతున్న ఇమాముగారి మీద పడిందనీ చెబుతూ నవ్వింది. వంటింటి కిటికీలోంచి మామా ఆ నవ్వు విని కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఇద్దత్ తీరిన రోజున చుట్టాల ఇళ్లకు తీసుకెళదామని మామా అనుకుంటే, ఆవిడ సముద్రపు ఒడ్డుకు పదమంది. మన నాటువైద్యులు సముద్రపు నురుగు అంటారే, కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి ఒంట్లోని ఆ తెల్లటి సున్నపు పెంకులు అక్కడ కొట్టుకొస్తాయి. బాతు మేతలో పొడి చేసి కలపొచ్చని డాక్టరే చెప్పింది. ముసలామె నల్లటి అబాయా అంచు తడుపుకుంటూ ఏరుతుంటే నేను సంచి పట్టుకొని వెంట నడిచాను. ఆ బాతు ఆ తరువాత చాలా ఏళ్లు బతికింది; చలి తగ్గే రోజుల్లో మాత్రమే, గట్టి పెంకుతో, తీరిగ్గా గుడ్లు పెట్టింది.

ఆ ఏళ్లలో పెరట్లో కూర్చున్న సాయంత్రాల్లోనే ఆవిడ నాకు తన కాలపు పాత కువైటీ అరబ్బీ నేర్పింది. ఇప్పుడు ఆవిడ లేదు, ఆ ఇల్లు చేతులు మారింది. ఇప్పటి ఇళ్లలో పిల్లలు పనివాళ్లతో ఇంగ్లీషే మాట్లాడతారు, ముసలివాళ్ల మాటలకు నవ్వుతారు. అయినా ఎప్పుడైనా షర్క్ పేటలోని చేపల మార్కెట్టులో నేను బేరం చేస్తుంటే, పక్కనున్న ఏ కువైటీ పెద్దావిడో చప్పున తిరిగి, ఈ పాతకాలపు మాట విని ఎన్నాళ్లయిందమ్మా, ఏ ఇంట్లో నేర్చుకున్నావు అని అడుగుతుంది. నేను ఆ ఇంటి పేరు చెబుతాను. ఆమె ఇంకో మాట చెప్పమంటుంది.