తమ్ముడి ఇంట్లో దొరికిన దొంగ

తొమ్మిదో తరగతిలోనే బడి నుంచి లాగౌట్ అయినవాణ్ణి నేను. అయినా రాబర్ట్‌సన్‌పేట బజారులో సగం అంగళ్ల వెబ్‌సైట్లు నా చేతిలోనే ఉన్నాయి. చదువుకున్నవాళ్లంతా పొద్దున్నే బెంగళూరు రైలెక్కేస్తారు కాబట్టి, ఊళ్లో మిగిలిన ఇంజనీరును నేనే.

వాటిలో ఒకటి బట్టల అంగడిది. అన్నదమ్ములిద్దరూ కలిసి నడిపేవారు. విడిపోయాక అంగడి అన్నకు వచ్చింది, తమ్ముడు పక్కనే అండర్సన్‌పేటలో వేరే అంగడి పెట్టుకున్నాడు. పంపకం కాగానే, తమ్ముడు లోపలికి దూరకుండా అన్న నాచేత సైటు పాస్‌వర్డు మార్పించాడు. కొన్నాళ్లకు కొత్త బెడద మొదలైంది. ఎవరో పదేపదే తప్పు పాస్‌వర్డు కొడుతున్నారు. సైటు బెదిరిపోయి తాళం వేసుకుంటోంది. కొత్త చీరల ఫోటోలు పెట్టబోతే యజమానినే బయట నిలబెడుతోంది.

"ఇంగెవరప్పా, నా తమ్ముడే. నా కొడుకు పెండ్లి పత్రిక వానికిచ్చేది లేదు. నువ్వు రుజువు పట్టుకొనిరా," అన్నాడు అన్న.

"దొరక్కపోతే?"

"దొరికేదాకా నీకు ఈ అంగట్లో కాఫీ లేదు."

తప్పు పాస్‌వర్డు కొట్టినప్పుడల్లా, అది ఏ నెట్ కనెక్షన్ నుంచి వచ్చిందో ఒక నంబరు సైటులో పడుతుంది. చూస్తే ఎప్పుడూ ఒకే నంబరు. ప్రింటరు చూసే వంకతో తమ్ముడి ఇంటికి వెళ్లి, వాళ్ల వైఫైకి నా ఫోను కలిపాను. అచ్చంగా అదే నంబరు! నవ్వుకుంటూ వెళ్లినవాణ్ణి, ఒక ఇంటిని రెండుగా కోసే సాక్షినైపోయాను.

"ఏమప్పా, ముఖం అట్ల పెట్టినావు? ప్రింటరు సచ్చిపోయిందా?" అన్నాడు తమ్ముడు.

"ఊపిరి ఉండాదిలే," అన్నాను.

పక్క గదిలో వాళ్లమ్మ ఫోనులో దేవుడి పాటలు వింటోంది. ఆమె ఒక నెల పెద్దకొడుకు ఇంట్లో, ఒక నెల ఇక్కడ. మూల పగిలిన ఆ ఫోను నాకు బాగా తెలుసు. అన్న కొత్తది కొని, పాతది అమ్మకిచ్చాడు.

"దీంట్లో ఎర్రగా ఏందో వస్తాదప్పా, పాట ఆపేస్తాది. తోసేస్తే మళ్లా వస్తాది," అందామె.

తీసి చూశాను. అంగడి యాప్ అందులో అలాగే కూర్చుని, పాత పాస్‌వర్డుతో తలుపు తడుతోంది. ఆమె పెద్దకొడుకు ఇంట్లో ఉన్న నెలలో ఈ గొడవ బయటపడలేదు. ఆ ఇంటి నంబరును అనుమానించవద్దని సైటుకు చెప్పిపెట్టింది నేనే.

"దొంగవు నువ్వేనమ్మా."

"నేనా? యాడ దొంగిలించినాను?"

"నీ పెద్దకొడుకు అంగట్లో."

"నా కొడుకు అంగట్లో నాకు దొంగతనమేందిరా! చీర కావాలంటే అడిగే తీసుకుంటాను."

తిరిగి వచ్చి అన్నతో చెప్పాను: "దొంగ మీ తమ్మునింట్లోనే ఉండాది."

"చెప్తిని కదా!"

"పోలీసులను పిలుద్దామా? కాకుంటే ఆ దొంగ నిన్ను కన్నామె."

సంగతంతా విన్నాక ఆయన మడిచిన చీరనే విప్పి మళ్లీ మడిచాడు. ఆ సాయంత్రమే భార్యను తోడు తీసుకుని, పసుపు కుంకుమలతో పత్రిక పట్టుకుని తమ్ముడి గడప ఎక్కాడు. నేనూ వెనకే వెళ్లాను, ఆ వేడుక వదులుకుంటానా?

తమ్ముడు పత్రిక ఆసాంతం చదివాడు. పిలిచేవాళ్ల వరసలో వేలు పెట్టి పైకీ కిందికీ జరిపాడు.

"నా పేరు యాడుండాదిన్నా?"

అన్న తల వంచుకున్నాడు. "మళ్లా అచ్చేయిస్తానురా."

తమ్ముడు తన బొజ్జ వైపు చూసుకున్నాడు. "వద్దులే. వాకిట్లో నేనే నిలబడి పిలుస్తాను. పేరు కనపడకున్నా మనిషి కనపడతాడు."