బస్తా దారంతో కుట్టిన బొంత

మా వీధిలో స్టీలు సామాన్ల ఆవిడ దగ్గర బేసినుతో పాటు మూత కూడా రాబట్టిన మనిషిని నేనొక్కదాన్నే. పాత చీరలకి గిన్నెలిచ్చే ఆవిడన్నమాట. బేసినంటే బేసినే, మూత కావాలంటే ఇంకో చీర పడాలి. నేను మా అమ్మ నేతచీరలు ఏడు ఇచ్చి, రెండు బిందెల నీళ్ళు పట్టే బేసిను తీసుకుని, మూత ఊరికే కొట్టేశాను. పక్కింటావిడ గుమ్మంలో నిలబడి అంతా చూసి, "మీరు కొంటే వాళ్ళు బతకలేరండీ" అంది. నెల్లాళ్ళపాటు ఆ మాట తలుచుకుని మురిసిపోయాను.

బేరం నాకు పుట్టింటి విద్య. తణుకులో నాన్నది కిరాణా కొట్టు, బాబాయిది గుడ్డల కొట్టు, ఇంటి వెనక మామయ్యది బెల్లం వ్యాపారం. అన్నప్రాసన నాడు పళ్ళెంలో పెట్టిన వాటిల్లో నేను తక్కెడ పట్టుకున్నానని మావాళ్ళు చెబుతారు. నచ్చినదాని మీద చెయ్యి వెయ్యకు, నచ్చనిదాన్ని ఎత్తి చూడు అనేవాడు నాన్న. ఆ రోజూ అదే చేశాను. కన్ను బేసిను మీదుంది కాబట్టి టిఫిన్ క్యారియర్‌ని తిప్పి తిప్పి చూశాను. ఆవిడా తక్కువది కాదు. ఒక్కో చీర ఎండకి ఎత్తిపట్టి చిరుగులు వెతికింది.

"అన్నీ నేతవేనండి. జరీ లేదు, పట్టు లేదు. వీటికేం వస్తుందమ్మగారూ?"

"జరీ ఉంటే నీకెందుకిస్తానమ్మా?"

ఇంతలో మడతల్లోంచి బత్తాయంత దారం ఉండ ఒకటి దొర్లి మెట్టు మీద పడింది. అమ్మ చుట్టిన బస్తా దారం. "అది కూడా వేసుకుని మూత ఇచ్చెయ్" అన్నాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ చూసి నా ఒళ్ళోకి విసిరింది. "దీనికేమీ రాదండి, మీరే ఉంచుకోండి. ఇదిగో మూత, తీసుకోండి. ఎండెక్కిపోతోంది నాకు."

అమ్మ పోయి అప్పటికి ఏడాది దాటింది. పట్టుచీరలు అక్క తీసుకుంది, రోజూ కట్టుకునేవి నాకొచ్చాయి. నేను ఒక్కటీ కట్టలేదు. అమ్మ పొట్టి, ఆ చీరలు నాకు చీలమండ పైకి వస్తాయి. బీరువా తెరిచినప్పుడల్లా కొట్టు వాసన వచ్చేది, ఎండుమిర్చీ పసుపూ కలిసిన వాసన. ఆ వాసన వచ్చిన పూట నాకు ఏ పనీ తోచేది కాదు. నిలవున్న సరుకంటే నష్టం అని మా ఇంట్లో పిల్లలకి కూడా తెలుసు. నేను చేసింది బీరువా ఖాళీ చెయ్యడమని అనుకున్నాను.

చలికాలంలో అక్క కొవ్వూరు నుంచి ఫోను చేసింది. దాని కూతురు పురిటికి వచ్చి ఉంది.

"ఏమే, ఇక రోజుల్లోకి వచ్చేసింది. బొంత నువ్వే కుట్టాలి."

"కుడతాలేవే."

"అమ్మ చీరలతో కుట్టు. పురిటి పిల్లకి కొత్త గుడ్డ తగలకూడదు కదా. అమ్మ పోయేముందు అంది నాతో, దీనికి పిల్ల పుడితే నా నేతచీరల్లో పడుకోబెట్టండే అని. అందుకే అవి నీకిచ్చాను, నా దగ్గరుంటే కట్టి చింపేస్తానని."

"సరే అక్కా" అన్నాను. ఎంతటి బేరంలోనూ అంత తొందరగా సరే అన్నది లేదు. నిజం చెప్పడానికి ఒక్క క్షణం దొరికింది. దాన్ని వదిలేసి బేసిను వంక చూస్తూ కూచున్నాను.

ముందు డబ్బుతో దిద్దుకుందామనుకున్నాను, మావాళ్ళ పద్ధతే అది. రాజమండ్రి బజారుకెళ్ళి మెత్తటి కాటన్ కట్ పీసులు తూకానికి తెచ్చాను. కొత్త గుడ్డని పాతది చెయ్యాలని వాషింగ్ మెషీన్‌లో వేసి తిప్పాను, ఆరేశాను, మళ్ళీ తిప్పాను. వారం రోజులు మా ఇంట్లో అదే మోత. రంగు దిగింది, గంజి పోయింది, చెంపకి ఆనించుకుంటే మాత్రం ఇంకా కొట్లో గుడ్డే. మనిషి వంటి మీద ఏళ్ళ తరబడి ఉంటే వచ్చే మెత్తదనం మెషీన్‌కి రాలేదు.

తరవాత స్టీలు సామాన్ల ఆవిడ కోసం కాపు కాశాను. ఆవిడ వచ్చింది. బుట్ట దించకముందే, "అమ్మా, ఆ చీరలు కావాలి, బేసిను వెనక్కి ఇచ్చేస్తాను" అనేశాను. నాన్న వింటే నన్ను కొట్లోంచి గెంటేసేవాడు.

"ఇంకెక్కడి చీరలండీ! ఏ ఆదివారానికి ఆ ఆదివారం గొడౌన్‌లో వేసేస్తాం. నేతవి చింపి లారీ షెడ్లకి ఇస్తారు, మడ్డి తుడుచుకోడానికి." నా మొహం చూసి కాస్త తగ్గింది. "వేరేవాళ్ళవి ఉన్నాయండి, మెత్తగానే ఉంటాయి. చూస్తారా?"

చూడలేదు. అమ్మ రోజూ ఇస్త్రీ లేకుండానే మడతలు పదునుగా పెట్టుకుని కట్టిన చీర ఏ మెకానిక్ చేతిలో ఉందో అనుకుంటూ లోపలికొచ్చేశాను.

చివరికి నా బీరువాలోంచి నా నేతచీరలే మూడు తీశాను. బాగా కట్టినవి, అంచులు అరిగినవి. మంచం మీద పరిచి, చిరుగు లేని చోట కత్తిరించి, పొర మీద పొర వేసి, ముడత లేకుండా అరచేత్తో మధ్య నుంచి అంచులకి తోశాను. బియ్యం డబ్బాలు నాలుగు మూలలా బరువు పెట్టాను. దారం కోసం డబ్బా వెతికితే ఆ ఉండ చేతికి తగిలింది.

పంచదార బస్తా మూతి కుట్టుకి ఒక కిటుకుంది. సరైన కొస పట్టుకుని లాగితే మొత్తం కుట్టు సర్రున విడిపోయి, నూలు దారం ఒక్క పోగుగా చేతికొస్తుంది. తప్పు కొస లాగితే బిగుసుకుంటుంది. నాన్న బస్తా విప్పి దారం కిందపడేసేవాడు, అమ్మ ఏరి, ముక్కకి ముక్క ముడేసి ఉండ చుట్టేది. మధ్యాహ్నాలు కొట్లో బేరం లేని వేళ, గల్లాపెట్టె పక్కన కూచుని ఆ దారంతోనే బొంతలు కుట్టేది. "దారం కొనుక్కోలేమా?" అని నాన్న విసుక్కుంటే, "కొనుక్కోగలం" అని ఊరుకునేది. అంతమంది కొట్టువాళ్ళలో ఖరీదు లేని వస్తువు దాచిన మనిషి ఆవిడొక్కతే.

దారాన్ని మరిగే నీళ్ళలో వేసి తీసి ఆరబెట్టాను. లావుపాటి సూదికి ఎక్కించి, అంచు నుంచి లోపలికి చుట్టూరా చిన్న కుట్లు వేసుకుంటూ వచ్చాను. తిప్పలన్నీ ముడులతోనే. పసిపిల్ల వీపుకి ముడి తగలకూడదు. ముడి వచ్చినప్పుడల్లా సూదిని పొరల మధ్యకి దింపి, లాగి, ముడిని లోపల దాచి, అవతల తేలాలి. అమ్మ బొంతల్లో ఒక్క ముడీ ఎందుకు కనబడేది కాదో అప్పుడర్థమైంది. కుట్టు కుట్టుకీ విసుక్కున్నాను. అయినా ముడి కోసి కొత్తగా ఎక్కించుకోడానికి చెయ్యి రాలేదు.

పిల్ల పుట్టిన నాలుగోనాడు బొంత సంచిలో పెట్టుకుని గోదావరి వంతెన దాటి కొవ్వూరు వెళ్ళాను. అక్క గుమ్మంలోనే సంచి లాక్కుని బొంత విప్పింది.

"ఇది నువ్వు నా కూతురి పెళ్ళిలో వంటవాళ్ళ మీద అరుస్తూ తిరిగిన చీర కదే?"

"అవును."

"అమ్మవేవి?"

చెప్పాను.

"ఏడూనా?"

"ఏడూ."

"బేసినుకా?"

"మూత కూడా ఇచ్చింది" అన్నాను.

అక్క బొంతని కుర్చీలో పడేసి వంటింట్లోకి వెళ్ళిపోయింది. మంచం మీద పిల్లని ఒళ్ళో వేసుకున్న అక్క కూతురు మెల్లగా, "పిన్నీ, ఆ మూత సంగతి చెప్పకుండా ఉండాల్సింది" అంది.

అక్క అన్నం పెట్టింది గానీ, ఇంకాస్త వేసుకోమనలేదు. మా అక్క ఇంట్లో అంతకంటే పెద్ద తిట్టు లేదు. పిల్ల ఏదో పాత తువ్వాలులో పడుకునుంది. బొంత కుర్చీలోనే ఉంది. సంచి తీసుకుని లేచి వెళ్ళిపోదామా అని రెండుసార్లు అనుకున్నాను.

చెయ్యి కడుక్కుని వచ్చి అక్క ఆ కుర్చీలో కూచోబోయి, అడ్డమొచ్చిన బొంతని ఒళ్ళోకి తీసుకుంది. అలవాటు కొద్దీ బొటనవేలితో కుట్టు తడుముతోంది. ఒకచోట ఆగింది.

"లోపల ఏదో తగులుతోంది. ముడా?"

"దారం అమ్మది. బస్తా దారం ఉండ ఒకటి మిగిలింది. దానికేమీ రాదంది సామాన్ల ఆవిడ."

అక్క వేలు కుట్టు వెంట నడుచుకుంటూ వెళ్ళి రెండో ముడి దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి మూడోదానికి వెళ్ళింది. తరవాత అక్క లేచి బొంత తీసుకుని పెరట్లోకి నడిచింది.

"ఉతికే తెచ్చానే" అన్నాను వెనకాలే.

"నువ్వు ఉతికితే సరిపోతుందా? పిల్ల కింద వేసేది." వేడినీళ్ళలో జాడించి, పిండి, తీగ మీద ఆరేసి, నా వైపు తిరగకుండానే అంది: "రేపు ఆ బేసిను పట్టుకురా. పిల్లకి నీళ్ళు పొయ్యడానికి పెద్దది లేదు ఇక్కడ."

"మూత కూడా తేనా?"

"మూత నువ్వే ఉంచుకో. అంత కష్టపడి సంపాదించావు."

లెక్క దాచకుండా చెబుతాను. వెళ్ళినవి నా చీరలు మూడు, ఎందుకూ పనికిరాని కట్ పీసులు, వారం రోజుల సబ్బు పొడీ కరెంటూ, రెండు రోజులు వంతెన దాటించిన ఆటోలు. అమ్మ చీరలు ఏడింటికి ఎంత రాయాలో తెలియలేదు, ఆ చోటు ఖాళీగా వదిలేశాను. వచ్చిన బేసిను కొవ్వూరు వెళ్ళిపోయింది. దారం ఉండ నిమ్మకాయంత మిగిలింది, దానికి ఎవరూ ఏమీ ఇవ్వరు. ఊరికే వచ్చిన మూత నా దగ్గరే ఉంది. మా ఇంట్లో ఏ గిన్నెకీ అది సరిపోదు.