తమిళ గ్రూపులో నా తెలుగు గుట్టు

నోరు జారినవాళ్ళు లోకంలో చాలామందే ఉంటారు. ఎనిమిదో నెల కడుపుతో, యాభైమంది ఆడవాళ్ళ మధ్య, కావాలని మరీ నోరు జారినదాన్ని నేనొక్కదాన్నే. ఆ ఘోరం చెబుతాను, వినండి.

అది తమిళనాట రాజపాళయం చుట్టుపక్కల కడుపుతో ఉన్నవాళ్ళ వాట్సాప్ గ్రూపు. కాళ్ళవాపు నుంచి పీడకలల దాకా అన్నీ తమిళంలోనే నడిచేవి. నాకు తొలిచూలు. కాన్పు అంటేనే గుండెల్లో రైళ్ళు పరిగెత్తేవి. ఇంట్లో ఆ మాట చెప్పలేక, గ్రూపులో వాళ్ళ కష్టాలు చదువుకుని ధైర్యం తెచ్చుకునేదాన్ని. గ్రూపు పెట్టిన విమలక్క అన్నిటికీ ఒకటే మందు చెప్పేది: పూండు పాలు, అంటే వెల్లుల్లి వేసి కాచిన పాలు. నడుం నొప్పా? పూండు పాలు. నిద్ర పట్టదా? పూండు పాలు. మొగుడు మాట వినకపోయినా అవే చెప్పేదేమో, ఎవరూ అడగలేదు.

గ్రూపులో నాకు తెలిసిన ఒకే ఒక్క తెలుగు మనిషి, సేత్తూరులో ఉండే నా స్నేహితురాలు జయ. ఒకరోజు తను ఆ గ్రూపులోనే, "నువ్వు తాగినావా?" అని నన్ను తమిళంలో అడిగింది. నేను దర్జాగా మైకు నొక్కి తెలుగు అందుకున్నాను.

"ఒకనాడు తాగినాను జయా. ఆ వాసనకి మా ఆయన రెండు దినాలు వాకిట్లో పండుకున్నాడు. ఈ విమలక్కకి పూండు మండీ ఏమన్నా ఉండాదా? నాకు కాన్పంటే శానా భయంగా ఉండాది, ఎవురికీ చెప్పొద్దు."

అప్పుడే మిల్లు నుంచి వచ్చిన మా ఆయన అదిరిపడ్డాడు. "అయ్యయ్యో, గ్రూపులోనా పెట్టినావు? డిలీట్ చెయ్యి!"

"ఏమిటికి? వాళ్ళంతా తమిళవాళ్ళు. ఒక్క ముక్క అర్థం కాదు."

వీధికి సగం ఇళ్ళలో తెలుగు మాట్లాడే ఊళ్ళో ఉండి ఈ మాట అన్నాను చూడండి, నా తెలివికి దండం పెట్టాలి!

అయిదు నిమిషాల్లో ఫోను మోత మొదలైంది. "మా ఆయన కూడా వాకిట్లోనే పండుకున్నాడు!" అని ఒక గొంతు. "నేనూ తెలుగే! మీరంతా తమిళం అనుకొనింటి కదా!" అని ఇంకొకటి. చోళపురం నుంచి ఒకామె నవ్వీ నవ్వీ మాట పూర్తి చెయ్యలేకపోయింది. చివరికి విమలక్క గొంతు. అదీ తెలుగే! గ్రూపులోంచి తీసేస్తే నాకింక దిక్కెవరనుకుంటూనే విన్నాను.

"మండీ లేదమ్మా కణ్ణు, ఉప్పూ పప్పూ అమ్మే మళిగ అంగడే. పూండు కావాలంటే ఊరికే పంపిస్తాను. మొదటి కాన్పుకి నేను ఆస్పత్రి మెట్ల మీద కూచుని లోపలికి రానని ఏడ్చినాను. నీకు నొప్పులు వస్తే ఫోన్ చెయ్యి, నేను వస్తాను. ఒంటరిగా భయపడొద్దు."

నేనూ ఏడ్చేశాను. అన్నట్టే వచ్చింది మహాతల్లి. కూతురు పుట్టేదాకా నా చెయ్యి వదల్లేదు.

అందుకే నా బిడ్డ మీద ఒట్టు: రాజపాళయంలో ఇకమీదట ఎవరినీ తెలుగులో ఆడిపోసుకోను. తమిళంలో అసలే ఆడిపోసుకోను. మరీ ఆగలేకపోతే హిందీలో కానిస్తాను. అది వాళ్ళకూ రాదు, నాకూ రాదు.