పోపు పెట్టని ఇల్లు

మా చీరాల బాబాయి పోయాడు. మొన్న సోమవారం పొద్దున ఇక్కడ పొదిలిలో స్కూలుకి బయల్దేరుతుంటే పోస్ట్‌మాన్ కార్డు చేతిలో పెట్టాడు. మంగళగిరి నుంచి ఆయన అల్లుడు రాశాడు. మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చారట, మళ్ళీ లేవలేదట. చదివిన వెంటనే చింపెయ్యమని అడుగున రాశాడు. చావు కబురు కార్డు ఇంట్లో ఉంచుకోకూడదంటారు కదా, గుమ్మం బయటే నిలబడి రెండోసారి చదివి చింపేశాను. సెలవు పెట్టలేదు. మూడో తరగతి చేత ఎక్కాలు చెప్పించి, ఇంటికొచ్చాక ఏడ్చాను.

బాబాయి అంటే చుట్టరికం ఏమీ లేదు. చీరాలలో నేను టీచరుగా పనిచేసిన ఆరేళ్ళూ వాళ్ళకీ నాకూ మధ్య ఒక్క గోడే. ఆయన నేతగాడు. ముందు గదిలో మగ్గం, దాని పక్కనే కూర్చుని నూలు కండెలు చుట్టే ఆయన భార్య, మా పిన్ని. పొద్దున్నే మగ్గం చప్పుడు మొదలైతే నాకు గడియారంతో పనుండేది కాదు. ఆయన మాట్లాడేది బహు తక్కువ. షావుకారు మనిషి వచ్చి చీర ఎప్పటికవుతుందని గద్దిస్తే, "తొందరేముందిలే అబ్బాయ్, చీరెక్కడికీ పోదు" అని మళ్ళీ పనిలో పడేవాడు. ఆయన మాట్లాడాల్సినవన్నీ కలిపి పిన్నే మాట్లాడేది. వీధి చివర కుళాయి దగ్గర ఆవిడ గొంతెత్తితే బిందెలవాళ్ళంతా వరసలో నిలబడాల్సిందే.

ఆయనకున్న పిచ్చల్లా ఒక్కటే, కారం. పండుమిరపకాయ పచ్చడి లేని పూట కడుపు నిండా తిని కూడా "ఇయ్యాళ అన్నం తిన్నట్టే లేదు" అనేవాడు.

ఇది అరవై అయిదు నాటి మాట. పిన్నికి రొమ్ములో గడ్డ లేచింది. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా ఆవిడ నాలుగు నెలలు వేణ్ణీళ్ళ కాపడం పెట్టుకుంది. అంత నోరున్న మనిషి అక్కడ మాత్రం నోరు విప్పలేదు. చివరికి గుంటూరులో ఆపరేషన్ చేసి, మద్రాసు వెళ్ళి ఇంజెక్షన్లు చేయించుకోమని పంపారు. నెలకొకటి చొప్పున ఆరు. కీమోథెరపీ అనే మాట అప్పటికి మా వీధిలో ఎవరికీ తెలియదు. మేమంతా 'మద్రాసు సూదిమందు' అనేవాళ్ళం. కూతురు మంగళగిరిలో నిండు చూలాలు, రాలేదు. కాబట్టి తీసుకెళ్ళినా తీసుకొచ్చినా బాబాయే. రైల్లో ఆవిడకి వాంతులు. కూజాతో నీళ్ళు, రెండు నిమ్మకాయలు, పాత చీర గుడ్డలు సంచిలో పెట్టుకుని వెళ్ళేవాడు. వాంతి పట్టడానికి సత్తు గిన్నె ఒకటి తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకునేవాడు. బండి దిగి జట్కాలో ఇంటికొచ్చేసరికి ఇద్దరి ముఖాలూ ఒకలాగే ఉండేవి.

రెండో ఇంజెక్షన్ తరవాత జుట్టు ఊడటం మొదలైంది. ఆవిడ లేవకముందే దిండు మీది వెంట్రుకలన్నీ తెగిన పోగులు ఏరినట్టు ఒక్కొక్కటీ ఏరేసేవాడు. ఆవిడకి తెలియదనుకునేవాడు పాపం. తల తడుముకుంటే తెలియదా?

తరవాత నోరు పూసింది. పెదాల నుంచి గొంతు దాకా పుండే. మంచినీళ్ళు తాగినా మంట. డాక్టరు ఇంగ్లీషులో రాసిచ్చిన చీటీ తెచ్చి బాబాయి నాకిచ్చాడు. కారం, పులుపు, వేడి వస్తువులు పెట్టొద్దని చదివి చెప్పాను. ఆయన తలూపి వెళ్ళి, అరగంటలో తిరిగొచ్చాడు. చేతిలో వాళ్ళ కారం జాడీ, ఎండుమిరపకాయల డబ్బా, పండుమిరపకాయ తొక్కు, అన్నీ ఉన్నాయి.

"ఇవి నువ్వు వాడుకో అమ్మాయ్. మా ఇంట్లో ఇంక కారం లేదు."

"పిన్నికి వద్దన్నారు గాని మీక్కాదు బాబాయ్."

"అది మజ్జిగన్నం తింటా ఉంటే దాని ముందు నేను కారం ఎట్టా తినేది?"

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఇద్దరికీ ఒకటే తిండి. మెత్తగా వండిన అన్నం, ఉప్పు కూడా సరిగా పడని పెసరపప్పు, మజ్జిగ. పోపు ఘాటుకి ఆవిడకి దగ్గొస్తుందని పోపు కూడా మానేశాడు. వీధిలో ఆడవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారు. "మొగుడంటే అట్టా ఉండాల" అని మా ఇంట్లో కూర్చుని చెప్పుకున్నారు. నేనూ వంత పాడాను. పిన్ని మాత్రం రోజురోజుకీ మాట తగ్గించేసింది. మందు ప్రభావం అనుకున్నాం.

మూడో ఇంజెక్షన్ అయింది. నాలుగోదానికి గురువారం బయల్దేరాలనగా ఆవిడ రానంది. బతిమాలాడు, కూతురి మీద ఒట్టు పెట్టాడు. ఊహుఁ. మధ్యలో ఆపితే ఇన్నాళ్ళూ చేసిందంతా వృథా అవుతుందని డాక్టరు ముందే చెప్పాడు. మంగళవారం బాబాయి మా గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. "నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెబితే ఇంటదేమో" అన్నాడు.

వెళ్ళాను. పిన్ని తలకి కొంగు చుట్టుకుని గోడవైపు తిరిగి పడుకునుంది. నేను తెచ్చిపెట్టుకున్న టీచరు గొంతుతో నాలుగు మాటలు చెప్పాను. ఆవిడ లేచి కూర్చుంది.

"అమ్మాయ్, మీ ఇంట్లో పోపు పెడితే ఆ చిటపటలు గోడ ఇవతలకి ఇనపడతయ్యి. మా ఇంట్లో ఆ చప్పుడు ఇని రెండు నెలలైంది. మా అమ్మ పోయినప్పుడు పది రోజులు ఇట్టాగే ఉండింది ఇల్లు. పోపు లేదు, కారం లేదు, చప్పిడి కూడు. మీ బాబాయి ఎవురికి పట్టాడే ఈ మైల?"

ఆవిడ తల మీది కొంగు బిగించుకుంది.

"నేనింకా బతికే ఉన్నాగా. నా కళ్ళెదురుగా రెండు పూటలా నాకు దినం చేస్తన్నాడు. పోయినదాన్ని ఇంక మద్రాసెందుకు తీసకపోడం?"

చీటీ చదివింది నేను. ఆయన్ని మెచ్చుకున్నదీ నేనే. మైల ఇంట్లో పోపు పెట్టరని పుట్టినప్పటి నుంచీ ఎరిగినదాన్ని, నాకైనా తట్టొద్దూ! నా మీద నాకే ఒళ్ళు మండింది. బయటికొచ్చి బాబాయికి ఆవిడ మాటలు ఉన్నవున్నట్టు చెప్పాను. ఆయన మగ్గం పట్టె మీద చెయ్యి వేసి నిలబడ్డాడు.

"అట్టా అనుకుందా?" అన్నాడు. తరవాత, "నా కారం నాకిచ్చెయ్ అమ్మాయ్."

జాడీలు పట్టుకెళ్ళాడు. కాసేపటికి రోట్లో బండ చప్పుడు, ఆ వెంటనే ఎండుమిరపకాయల పోపు ఘాటు. గోడ ఇవతల నాకే తుమ్ములొచ్చాయి. పిన్ని దగ్గు వినపడింది. వాంతి చేసుకుంటుందేమోనని పరిగెత్తాను. ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, వంటింటి గుమ్మానికి ఆనుకుని కూర్చుంది. కళ్ళు పొయ్యి మీదున్నాయి.

"మాడిపోతందయ్యా, దించు! ఎల్లిపాయలు ఎయ్యవా?"

బాబాయి వేడన్నంలో పచ్చడి కలిపి పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. రెండు నెలలుగా అలవాటు తప్పింది కదా, పొలమారింది. ముక్కూ కళ్ళూ ఏకమయ్యాయి, చెవులు ఎర్రబడ్డాయి. పిన్ని నవ్వింది. నోట్లో పుండు మంటెత్తి బుగ్గ పట్టుకుని మరీ నవ్వింది.

"గుంటూరు జిల్లాలో పుట్టి ఏందయ్యా నీకీ కర్మ! ఎట్టా ఉంది?"

"ఉప్పు తగ్గింది."

"పులుపు?"

"సరిపోయింది."

"నాకు ఇప్పుడు మజ్జిగన్నం పెట్టు" అంది ఆవిడ.

గురువారం బండికి ఇద్దరూ వెళ్ళారు. తరవాతి రెండు నెలలూ వెళ్ళారు. వాంతులు తగ్గలేదు, జుట్టు పూర్తిగా పోయింది. బాధ ఏమీ తగ్గలేదు. కాని ప్రతి పూటా ఆయన ఆవిడకి ఎదురుగా కూర్చుని కారం తినేవాడు, ఆవిడ తన మజ్జిగన్నం తింటూ రుచి అడిగేది. వంటకి వంకలు పెట్టేది. కుళాయి దగ్గరికి వెళ్ళలేక, కుళాయి తగాదాలన్నీ ఇంట్లో కూర్చునే తీర్చేది.

పిన్ని ఉంది. వచ్చే ఆదివారం వెళ్ళి చూడాలి. ఏం మాట్లాడతానో తెలియదు. బాబాయి నాకు ఏమయ్యాడో చెప్పడానికి పెద్ద మాటలేవీ లేవు. ఒక మనిషికి మేలు చేస్తున్నాననుకునే ముందు ఆ మనిషిని ఒకసారి అడుగుతాను ఇప్పుడు. అది ఆయన పొరపాటు వల్ల, ఆ పొరపాటుని ఆయన దిద్దుకున్న తీరు వల్ల వచ్చిన బుద్ధి. ఆయనకి ఈ మాట చెప్పనే లేదు.

ఆరో ఇంజెక్షన్ అయిన రెండు నెలలకి, ఒక మధ్యాహ్నం నేను అడిగి తెచ్చుకున్న గిన్నె తిరిగిచ్చేద్దామని వాళ్ళింటికి వెళ్ళాను. ఇద్దరూ భోజనాల దగ్గరున్నారు. పిన్ని నోరు మానింది. తల మీద మొలకల్లా నల్లటి జుట్టు. బాబాయి చిటికెన వేలి కొన పచ్చడిలో ముంచి, నన్ను చూసి సిగ్గుపడి, అయినా ఆపకుండా ఆవిడ నాలుక మీద రాశాడు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. కన్నీళ్ళు బొటబొటా కారాయి. ఆయన కంగారుగా మంచినీళ్ళ చెంబు అందించాడు. ఆవిడ చెంబు పక్కకి నెట్టి, మళ్ళీ నోరు తెరిచింది.