పాల గ్లాసులో వేలు

నా నాలుగేళ్ల కొడుకు పాల గ్లాసులో వేలు ముంచి, మూడు చుక్కలు నేల మీద చల్లి తాగాడు. మందు తాగే ముందు వాళ్ల నాన్న రోజూ చేసేది అదే. ఆ రోజే దవాఖానకు వెళ్లాను.

తాగుడు మానాలనుకునేవాళ్లు ఆదివారం సాయంత్రం నారాయణఖేడ్‌లోనే, చర్చి వెనక గదిలో కలుస్తారని దవాఖాన నర్సు చెప్పింది. నెల రోజులు బతిమాలితే మా ఆయన వచ్చాడు. తెలిసినవాళ్లు చూస్తారేమోనని నేను ముఖానికి చున్నీ కట్టుకున్నాను.

అక్కడ అందరికీ చాయ్ ఇచ్చారు. మా ఆయన అలవాటుగా అందులో వేలు ముంచి చుక్కలు చల్లాడు. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

"ఏంది తమ్మీ, చాయ్‌కి గూడ చల్లుతున్నవా?" అని ఒక ముసలాయన నవ్వాడు. "పరేషాన్ గాకు. మానినంక నేను మంచినీళ్లకు గూడ చల్లిన."

మా ఆయన నవ్వలేదు. తడిసిన వేలిని చూసుకుంటూ ఏడ్చాడు. పెళ్లయ్యాక ఆయన ఏడవడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున బాబు మళ్లీ పాలలో వేలు పెట్టబోతే చెయ్యి పట్టుకున్నాను.

"అట్ల చల్లొద్దు. అది డాడీ బీమారి."

"తగ్గుతదా మమ్మీ?" అని పక్కన కూర్చున్న మా పెద్దపాప అడిగింది.

"తెల్వదు బిడ్డా. వచ్చే ఆదివారం మళ్ల పోతడు."